ఒకటో నంబరు

"అమ్మా, ఈ పాలు బాగున్నాయా? కాస్త వాసన చూసి చెప్పు."

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టింది కూతురు. తల్లి గిన్నె మీదకి వంగి, గట్టిగా ఒకసారి గాలి పీల్చి, ఆలోచిస్తున్నట్టు కనుబొమలు ముడిచి, "నిక్షేపంలా ఉన్నాయి" అంది. నిజానికి ఆ గిన్నెలో పాలున్నా కిరసనాయిలున్నా ఆవిడకి ఒకటే. నాలుగు నెలల కిందట తల్లీకూతుళ్ళిద్దరినీ మంచాన పడేసిన జ్వరం, వెళ్తూ వెళ్తూ ఆవిడ ముక్కుని కూడా వెంట తీసుకుపోయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఉండదు. పాల కేంద్రంలో ఆవిడ పనే వాసన చూడటం. క్యాన్ మూత తియ్యడం, తల వంచడం, "పోయండి" అనో "పక్కన పెట్టండి" అనో చెప్పడం. పదహారేళ్ళుగా ఆవిడ మాటకి తిరుగులేదు. ఇప్పుడు తల వంచినట్టు నటించి, ఎవరూ చూడకుండా ఓ చుక్క నాలుక మీద వేసుకుంటోంది. ఆ పాలు తాగే పసిపిల్లలు గుర్తొస్తే ముద్ద దిగదు. కానీ భర్త పోయిన ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. కూతురి చదువు ఇంకో ఏడాది ఉంది.

దానికి తోడు కూతురి పరిశోధన ఒకటి వచ్చిపడింది. యూనివర్సిటీలో ముగ్గురు అమ్మాయిలు కలిసి మొదలుపెట్టారు. కూతురిది జీవశాస్త్రం, ముక్కు లోపలి నరాల సంగతి చూస్తుంది. ప్రజారోగ్యం చదివే స్నేహితురాలు ఇంటింటికీ తిరిగి, జ్వరం తర్వాత ఎవరెవరికి వాసన పోయిందో రాసుకొస్తుంది. మూడో పిల్లది సైద్ధాంతిక భౌతికశాస్త్రం. అది ఏ సీసా ముట్టుకోదు. వాసన అణువు ఆకారం వల్ల పుడుతుందా, దాని కదలిక వల్ల పుడుతుందా అని కాగితాల మీద లెక్కలు కడుతూ కూర్చుంటుంది. లోకంలో ఇన్ని సంగతులుండగా వీళ్ళకి ముక్కే దొరికిందా అని ఆవిడ లోలోపల ఉడికిపోయేది.

పైగా నెల రోజులుగా ఈ ఆరా ఒకటి. ఈ బ్రెడ్ చూడు, ఈ తువ్వాలు కంపు కొడుతోందేమో చూడు. మామూలుగా అడుగుతోందా, పరీక్ష పెడుతోందా? నిన్న ఆవిడ బాగుందన్న బ్రెడ్డుని కూతురు మారుమాట లేకుండా తినేసింది. నమ్మినట్టు నటించి లోపల మార్కులు వేసుకుంటోంది, ఎంత గుంభనం ఈ పిల్లకి అనుకుంది తల్లి.

కూతురు పాలు స్టవ్ మీద పెట్టి, "చూస్తుండమ్మా" అని స్నానానికి వెళ్ళింది. తల్లి పాలని చూడలేదు. తిన్నగా గదిలోకెళ్ళి కూతురి సంచి తెరిచింది. నోట్‌బుక్ మొదటి పేజీలోనే కనబడింది.

"ఒకటో నంబరు. స్త్రీ. జ్వరం తర్వాత వాసన పూర్తిగా పోయింది. ఇంట్లో తెలియకుండా దాస్తోంది. తెలిస్తే పని చెయ్యనివ్వరని భయం."

ఒకటో నంబరు. కన్నతల్లినే నంబరు చేసి పారేసింది.

కూతురు తల తుడుచుకుంటూ వచ్చేసరికి తల్లి మంచం మీద నోట్‌బుక్ పట్టుకుని కూర్చుని ఉంది. కూతురు తువ్వాలు పక్కన పడేసింది.

"నా సంచి ఎందుకు తీశావు?"

"బయటివాళ్ళనైతే సంతకం పెట్టించుకుని రాస్తారట కదా. ఇంట్లోవాళ్ళని అడగక్కర్లేదా?"

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"తెలియకేం? నెల రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఎవరెవరికి చెప్పావు?"

"లెక్కల పిల్లకి ఒక్కదానికే. నీకు దణ్ణం పెడతాను, ఇంకెవరితోనూ అనకు. ల్యాబ్‌లోకి రానివ్వరు."

"నీ ల్యాబ్ గోల నాకెందుకే? నా పాల కేంద్రంలో తెలిస్తే..."

వీధి తలుపు దబదబ మోగింది. పక్కింటి టైలరు గొంతు.

"చెల్లెమ్మా, తలుపు తియ్యండి. గ్యాసు వాసన మా కుట్టుమిషను దాకా వస్తోంది."

తలుపు తియ్యగానే ఆయన చేతిలో ఉన్న సగం కుట్టిన చొక్కా ముక్కుకి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. పాలు పొంగి మంట ఆర్పేశాయి. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆయన స్టవ్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, "స్విచ్చులు ముట్టుకోకండి" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"వీధిలోకి కొడుతున్న వాసన ఇంట్లో ఉన్న ఇద్దరికీ తెలియలేదా? ఇద్దరికీ ఒకేసారి జలుబేంటమ్మా?"

ఆయన వెళ్ళిపోయాక ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. తల్లి అడిగింది.

"నాకైతే వాసన తెలియదు. నీకేమైంది?"

కూతురు చప్పున తలెత్తింది. "నీకు తెలియకపోవడమేంటి?"

తల్లి చేతిలోనే ఉన్న నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచి చూపించింది. కూతురు ఆ మొదటి మాట మీద వేలు పెట్టింది.

"ఒకటో నంబరు నేనేనమ్మా. ఆ జ్వరంతోనే పోయింది. ల్యాబ్‌లో గ్యాసు లీకైనా కనిపెట్టలేని మనిషిని ఎవరు పెట్టుకుంటారు? అందుకే దాచాను. ఇంట్లో నీ ముక్కుంది కదా అనే ధైర్యం. నువ్వు బాగుందంటేనే తింటున్నాను."

నిన్నటి బ్రెడ్డు తల్లి కళ్ళ ముందు మెదిలింది. పరీక్ష పెడుతోందనుకున్న పిల్ల, తన అబద్ధాన్ని నమ్మి తిన్నది. నాలుగు నెలలుగా బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నాకూ లేదే తల్లీ. నాకూ అప్పుడే పోయింది."

"మరి పాల కేంద్రంలో?"

"నాలుక మీద చుక్క వేసుకుని నెట్టుకొస్తున్నాను."

"పసిపిల్లలు తాగే పాలమ్మా అవి."

"తెలుసు. తెలిసే చేశాను. నా బిడ్డే నన్ను నమ్మి తింటోందని మాత్రం తెలియలేదు."

కూతురు తల్లి భుజం మీద తల ఆన్చింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని నోట్‌బుక్ కూతురి చేతిలో పెట్టింది.

"రెండో నంబరు రాసుకో. స్త్రీ, యాభై ఒకటి. ఆ సంతకం కాగితం కూడా తీసుకురా. దాస్తోందని మాత్రం రాయకు. రేపు పొద్దున్నే ఇన్‌చార్జికి నేనే చెప్తాను. ఏ పనిలో వేస్తే ఆ పని చేస్తాను, వెయ్యకపోతే ఇంకోటి చూసుకుంటాను."

"నేనూ మా ల్యాబ్ మేడంకి చెప్తాను. ఒకటో నంబరులో ఆ ముక్క కొట్టేస్తాను."

వంటింట్లో గాలి తేటపడేసరికి బాగా పొద్దెక్కింది. గిన్నెలో అడుగున కాసిని పాలు మిగిలాయి. కూతురు గిన్నె ఎత్తి, అలవాటుగా తల్లి ముక్కు దగ్గరికి తెచ్చింది.

"ఇవి బాగున్నాయా అమ్మా?"

నిక్షేపంలా, అనబోయి ఆవిడ ఆగింది.

"నాకు తెలియదమ్మా" అంది. "పద, అన్నయ్యగారిని అడుగుదాం."

ఇద్దరూ గిన్నె పట్టుకుని పక్కింటికి బయలుదేరారు.