ఖాళీగా ఉంచిన కీ

"ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటర్. దానికి ఈ మాయదారి కీబోర్డా?" అన్నయ్య గొంతు మళ్లీ లేచింది. "కీల మీద ఉన్నదొకటి, తెర మీద పడేదొకటి. నా పేరు నేనే కొట్టుకోలేకపోతున్నాను!"

"నా చేతికి చేసింది. నాకు బాగానే పడుతోంది," అంది చెల్లెలు.

"చెయ్యి బాగైందిగా. ఇచ్చెయ్యి ఆ కీబోర్డ్ అబ్బాయికి," అంది అమ్మ, బట్టలు మడతపెడుతూ. "మామూలుది కొనుక్కుందాం."

చెల్లెలు కీబోర్డ్‌ని తన వైపు లాక్కుంది. ఇచ్చేస్తే అతనీ గడప తొక్కడానికి సాకే ఉండదు.

సినిమాలకు సబ్‌టైటిల్స్ రాయడం ఆమె పని. చెయ్యి విరిగి, అతుక్కున్నాక కూడా చిటికెన వేలు వంగనని మొండికేసినప్పుడు, చేతికి తగ్గట్టు కీబోర్డ్‌లు చేసిచ్చే అతను వచ్చాడు.

"చేతులు టేబుల్ మీద పెట్టండి."

"జాతకం చెప్తారా?"

"దానికి ఒక చెయ్యి చాలు. నాకు రెండూ కావాలి."

ఆమెకు ఒళ్లు మండింది. అతను మాత్రం తాపీగా చెప్పుకుపోయాడు. "కీ మీద ఏ అక్షరం అచ్చేశారో కీబోర్డ్‌కి తెలీదండీ. ఫలానా వరసలో ఫలానా చోట నొక్కారని మాత్రమే తెలుసు. అక్కడ నొక్కితే ఏ అక్షరం పంపాలన్నది ఫర్మ్‌వేర్‌లో, అంటే దాని లోపలి ప్రోగ్రామ్‌లో, మనం రాసుకున్నట్టే."

చిటికెన వేలికి అందని అక్షరాలన్నీ బొటనవేలి దగ్గరికి తెచ్చాడు. వారం రోజులు సాయంత్రాలు వచ్చి, ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. కిటికీ అవతల వాన దంచుతున్నా తలెత్తలేదు. తన చేతుల్ని అంత శ్రద్ధగా ఇంకెవరూ చూడలేదని అతను వెళ్లాకే తెలిసిందామెకు.

వెళ్లేముందు మూలనున్న కీ చూపించాడు. "దీనికేమీ పెట్టలేదు. నొక్కినా ఏమీ రాదు. ఏం కావాలో తోచినప్పుడు పిలవండి."

ఆమె పిలవలేదు. పిలిస్తే వస్తాడు, పెడతాడు, వెళ్లిపోతాడు. పని మధ్యలో మాత్రం ఆ కీని ఊరికే నొక్కేది. తెర మీద ఏమీ పడేది కాదు. అయినా మళ్లీ నొక్కేది.

ఇవాళ ఫోన్ పట్టుకుని వరండాలోకి నడిచింది.

"ఆ మూల కీ..."

"చెప్పండి, ఏం పెట్టమంటారు?" పక్కనే కాచుక్కూర్చున్నట్టు పలికాడు.

"అసలెందుకు వదిలేశారు?"

అటువైపు వాన చప్పుడు మధ్య అతని గొంతు తగ్గింది.

"అన్నీ పెట్టేస్తే మళ్లీ ఎందుకు పిలుస్తారండీ? వదిలినా పిలవలేదనుకోండి."

"పిలిస్తే పెట్టేసి వెళ్లిపోతారని..."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఆమె కళ్లెందుకు తడిశాయో ఆమెకే తెలియాలి.

"రేపు రండి," అంది. "ఆ కీ అలాగే ఉండనివ్వండి. మా నాన్నతో మాట్లాడండి."

లోపల గొడవ ఇంకా తెగలేదు. అన్నయ్య ఫోన్‌లో కొత్త కీబోర్డ్ ఫోటో అమ్మకు చూపిస్తున్నాడు.

"అది నువ్వు కొనుక్కో అన్నయ్యా," అంది ఆమె, భోజనానికి కంచాలు పెడుతూ. "ఇది నాతో వస్తుంది."

"ఎక్కడికే?" అమ్మ చేతిలో దుప్పటి మడత సగంలో ఆగింది. నాన్న పేపరు దించారు.

"ఆయన రేపు వస్తున్నారు నాన్నా, మీతో మాట్లాడటానికి," అంది నెమ్మదిగా, ఆఖరి కంచం సర్దుతూ. "నేను ఆయన్నే పెళ్లి చేసుకుంటాను."