గోడమీద భయ్యా ఫోటో

భిలాయి క్యాంప్ వన్ సందులో బసవరాజు ఇంట్లో తెల్లారిందంటే బాదంపాల వాసన వచ్చేస్తుంది. కమలాకుమారి పెద్ద గిన్నెలో పాలు మరగబెట్టి, నానిన బాదంపప్పు తొక్క తీసి రుబ్బి, ఏలకులు దంచి వేసిందంటే పక్కింటివాళ్ళు కూడా ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటారు. చల్లారిన పాలు క్యాన్లలో పోసుకుని, బసవరాజు లూనా మీద నెహ్రూ నగర్ పట్టుకుపోతాడు. అక్కడ రాయపూర్ వెళ్ళే రోడ్డు పక్కన ‘వైజాగ్ ఐస్‌క్రీమ్స్’ అని వాళ్ళ దుకాణం. ఐస్‌క్రీములు ఎక్కడైనా దొరుకుతాయి. జనం వచ్చేది ఆ బాదంపాల కోసమే.

ఆ రోజు పొద్దున్న మాత్రం వాసన రాలేదు. గడ్డం గీసుకుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బసవరాజు వంటింట్లోకి తొంగి చూశాడు. కమలాకుమారి పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. పాలగిన్నె బోర్లించినది బోర్లించినట్టే ఉంది.

“ఏటి కమలా, ఇంకా పాలు పెట్టలేదా?”

“పెట్టను.”

“ఒంట్లో బాగోలేదా?”

“నా ఒంటికేటి, గుండ్రాయిలా ఉన్నాను. ఒళ్ళు కాలింది అచ్చమ్మ వదినకి. మీరు కళ్ళారా చూసేరు. మొన్న సాయంత్రం ఇంటికొచ్చి నా దగ్గర ఏడ్చేరు. నిన్న పోలీసులొచ్చి అడిగితే మాత్రం లోపల ఐసు కొడుతున్నాను, ఏమీ చూడలేదన్నారట. పక్క దుకాణం శంకరరావుగారి భార్య చెప్పేదాకా నాకు తెలీనే తెలీదు!”

బసవరాజు తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“నెమ్మదిగా మాట్లాడు. సందులో వింటారు.”

“విననీండి! ఇన్నాళ్ళూ నెమ్మదిగానే మాట్లాడేం. ఏం బాగుపడ్డాం?”

కమలాకుమారి మాటలో తప్పేముంది చెప్పండి? అసలు ఆ దుకాణం తెరిచిన రోజునే ఆవిడ నెత్తీనోరూ కొట్టుకుంది.

బసవరాజు స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు ఉద్యోగం ముందుగానే వదులుకుని, వచ్చిందంతా ఆ దుకాణంలో పోశాడు. అప్పుడే కొత్తగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది. రాయపూర్ రాజధాని అయింది. భూముల ధరలు ఆకాశాన్నంటాయి. రోడ్డు పొడుగునా హోటళ్ళు, బట్టల దుకాణాలు లేచాయి. వాటితోపాటు బబ్లూ భయ్యా కూడా లేచాడు. ఖాళీ స్థలం కనబడితే ఆక్రమించుకోవడం, దుకాణాలవాళ్ళని బెదిరించి వసూళ్ళు చెయ్యడం, ఇదీ ఆ మహానుభావుడి వ్యాపారం. ఊరందరికీ భయ్యాయే గానీ, ఎవరికి తోడబుట్టాడో ఎవరికీ తెలీదు!

చిల్లర రౌడీలు తన జోలికి రాకుండా ఉండాలంటే పెద్ద రౌడీనే పిలిచి రిబ్బన్ కత్తిరింపిస్తే సరి, అనుకున్నాడు బసవరాజు. పిలిచాడు. దండ వేశాడు. భయ్యా కత్తెర పట్టుకుని, పక్కన ఇద్దరు మనుషులతో, చెవుల దాకా నవ్వుతున్న బసవరాజుతో ఫోటో దిగాడు. ఆ ఫోటోకి అద్దం కట్టించి, గల్లాపెట్టె వెనకాల గోడకి, సింహాద్రి అప్పన్న పటం పక్కనే తగిలించాడు.

“దేవుడి పక్కన వీడేటండీ?” అంది ఆనాడే కమలాకుమారి.

“నీకు తెలీదులే. ఇది ఇన్సూరెన్సు,” అన్నాడు బసవరాజు.

చెప్పొద్దూ, ఇన్సూరెన్సు బాగానే పనిచేసింది. చిల్లర రౌడీలు నిజంగానే రాలేదు. భయ్యా మనుషులు వచ్చారు. దీపాలు పెట్టే వేళకల్లా దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలన్నీ వాళ్ళవే. కావలసింది తినడం, మూతి తుడుచుకోవడం, వచ్చేపోయే ఆడపిల్లల మీద ఈలలు వెయ్యడం. భోజనాలయ్యాక పిల్లల్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని వచ్చే సంసారులు మానేశారు. డ్యూటీ దిగి వచ్చే నర్సమ్మలు మానేశారు. రాత్రి షిఫ్టు వదిలాక కూడా కళకళలాడే ఆ రోడ్డు మీద పెందరాళే షట్టర్లు పడిపోవడం మొదలైంది. ఆహా, ఏం న్యాయం! తాళం పడవలసింది రౌడీలకి. పడింది దుకాణాలకి.

ఆ దుకాణం ముందే అచ్చమ్మ బజ్జీల బండి. పలాస నుంచి వచ్చిన మనిషి, మొగుడు పోయాక ఆ బండితోనే బతుకు లాగుతోంది. మొన్న సాయంత్రం భయ్యా మనుషులిద్దరు మోటారుసైకిల్ తెచ్చి ఆమె బండికి అడ్డంగా పెట్టారు. “కాస్త పక్కకి పెట్టండి బాబూ, బేరాలు నిలబడ్డానికి చోటు లేదు,” అంది. అంతే! ఆ మాటకే ఒకడు బండిని కాలితో తన్నాడు. బజ్జీల మూకుడు ఒరిగి, సలసల కాగే నూనె ఆమె కుడిచెయ్యి మీద పడింది. గల్లాపెట్టె దగ్గర నిలబడి బసవరాజు దుకాణం ముందరి అద్దంలోంచి అంతా చూశాడు. పరుగెత్తుకెళ్ళి ఆటో ఎక్కించాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అంతవరకూ మనిషిలాగానే ఉన్నాడు. పోలీసులు అడిగేసరికి అబద్ధమాడాడు.

“నేను చూశానంటే ఏమవుతుందో తెలుసా నీకు?” అన్నాడిప్పుడు బసవరాజు గొంతు తగ్గించి. “దుకాణం తగలెడతారు. నా సంగతి సరే. మనకి ఎదిగిన పిల్ల ఉంది కమలా. కాలేజీకి వెళ్ళే దారిలో దానికేమైనా అయితే?”

“నా పేరు ఎందుకు తెస్తావు నాన్నా?”

ఇద్దరూ తిరిగి చూశారు. లోపలి గదిలోంచి జ్యోత్స్న వచ్చింది, చేతిలో సగం వేసుకున్న జడ. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, కోపం వస్తే తెలుగులోకి హిందీ దొర్లుకొస్తుంది.

“నేను దుకాణానికి రావడం ఎప్పుడు మానేశానో గుర్తుందా నీకు?”

“చదువు ఎక్కువైందన్నావు కదా అమ్మలూ.”

“ఝూట్. అదంతా అబద్ధం. కాలేజీ బస్సు దుకాణం ఎదురుగానే ఆగుతుంది. నేను ఒక స్టాపు ముందే దిగి, వెనక వీధిలోంచి చుట్టు తిరిగి ఇంటికొస్తున్నాను. మా నాన్న దుకాణం ముందు నడవలేక!”

బసవరాజు మొహంలో రంగు మారింది. “ఎవడు? ఏమన్నాడు?”

“ఒకడు నా చున్నీ పట్టుకుని లాగాడు. ‘వదులు, ఇది మా నాన్న దుకాణం’ అన్నాను. వాడు నవ్వి, లోపల గోడ మీద ఫోటో చూపించాడు. ‘అరే, తేరే పాపా తో అప్నే ఆద్మీ హై’ అన్నాడు.” జ్యోత్స్న సగం జడ వదిలేసి తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. “నువ్వు వాళ్ళ మనిషివట నాన్నా. ఇంకేం చెప్పను? ఎవరికి చెప్పను?”

కమలాకుమారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఈ సంగతి ఆవిడకీ తెలీదు. లేచి వచ్చి పిల్లని దగ్గరికి తీసుకుంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి వైపు చూసింది.

“నా కూతురి కోసమే నోరు మూసుకున్నానంటారు కదా. వినండి. మీరు నోరు మూసుకుంటే దానికి జరిగింది ఇదీ!”

బసవరాజు గోడకి చేరబడి, “ఇప్పుడేం చెయ్యమంటావు?” అన్నాడు పిల్లాడిలా.

“ముందు ఆసుపత్రికి వెళ్ళండి. వదినకి అన్నం, చారు కట్టిస్తాను. నేను చెయ్యగలిగింది వంట. చెప్పవలసింది మీరు.”

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో ఒక మూల మంచం మీద అచ్చమ్మ పడుకుని ఉంది. మోచెయ్యి పైదాకా కట్టు. బసవరాజుని చూడగానే ఎడమచేత్తో పైట సర్దుకుని లేవబోయింది.

“పడుకో అప్పా,” అన్నాడు, సొంత అక్కని పిలిచినట్టే. “కమల అన్నం పంపింది.”

“నానెలా తింతాను బాబూ, కుడిసెయ్యి పన్జేయదు కదా.”

“నేను పెడతాను.” క్యారేజీ విప్పి, అన్నంలో చారు పోసి కలిపాడు. ఒక ముద్ద పెట్టాడు.

“నిన్న పోలీసోడొచ్చినాడు తమ్ముడూ,” అంది అచ్చమ్మ మింగి. “సూసినోలెవలున్నారు, ఆ ఐస్‌క్రీం దుకాణం బాబు సూసినాడా అనడిగినాడు. నేదు, ఆ బాబు నోపలున్నాడు అని సెప్పీసినాను. నువ్వేటీ బెంగెట్టుకోకు.”

బసవరాజు చేతిలో ముద్ద ఆగిపోయింది.

“అదేంటప్పా? నేను అద్దం వెనకాలే ఉన్నాను కదా. నన్ను చూశావు కదా.”

“ఎందుకు సూడ్నేదు? నూని మీద పడినప్పుడు నీ కల్లూ నా కల్లూ కలిసినాయి.”

“మరి?”

“నీకు ఎదిగిన ఆడగుంట ఉంది. నా సెయ్యి ఎలాగూ కాలిపోనాది. మీ ఇంటిక్కూడా అంటించడం దేనికి?”

ఆమె సంగతేమిటి? చెయ్యి కాలింది, బండి మూలపడింది, తన మాటకి సాక్షి లేకపోతే కేసే నిలబడదని తెలుసు. అయినా అబద్ధం చెప్పింది, ఇతగాడి ఇంటి కోసం! బసవరాజు వార్డులో అందరూ చూస్తున్నారని కూడా లేకుండా భోరుమన్నాడు.

“ఊరుకో తమ్ముడూ, ఊరుకో. మగోడివి, అందరూ సూస్తన్నారు. ఆ ముద్దెట్టు, ఆకలేస్తంది.”

కళ్ళు తుడుచుకుని, క్యారేజీ ఖాళీ అయ్యేదాకా తినిపించాడు. అక్కణ్ణుంచి తిన్నగా దుకాణానికి వెళ్ళాడు. షట్టరు ఎత్తి, స్టూలెక్కి ఫోటో దింపాడు. దాన్ని లూనా మీద పెట్టుకుని ఇంటికొచ్చి, వాకిట్లోంచే పిలిచాడు.

“కమలా, చీర మార్చుకో. ఠాణాకి వెళ్దాం.”

కమలాకుమారి లోపలికెళ్ళి చీర మార్చుకొచ్చింది. జ్యోత్స్న నేనూ వస్తానంది. ముగ్గురూ ఆటో ఎక్కారు. దారి పొడుగునా ఫోటో బసవరాజు ఒళ్ళోనే ఉంది.

ఠాణాలో ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి హిందీలో అడిగాడు. “నిన్న లోపల ఐసు కొడుతున్నానన్నారు?”

“అబద్ధం సాబ్. భయపడి చెప్పాను.” బసవరాజు ఫోటో బల్ల మీద పెట్టాడు. “కత్తెర పట్టుకున్నవాడు బబ్లూ. ఎడంపక్క ఎర్ర చొక్కావాడు బండిని తన్నాడు. కుడిపక్కవాడు మోటారుసైకిల్ అడ్డం పెట్టాడు. ఇద్దర్నీ నా కళ్ళతో చూశాను.”

ఇన్‌స్పెక్టరు ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. “మీరు కూడా ఉన్నారే ఇందులో.”

“ఉన్నాను సాబ్. నవ్వుతున్నాను కూడా. అది కూడా రాసుకోండి.”

“కోర్టులో అడుగుతారు. అప్పుడు మళ్ళీ ఐసు కొడుతున్నానంటే కుదరదు.”

“అనరు,” అంది కమలాకుమారి తన వచ్చీరాని హిందీలో. “పక్కన నేనుంటాను.”

“నాది కూడా రాసుకోండి సార్,” అంది జ్యోత్స్న. “నా చున్నీ లాగినవాడు కూడా ఆ ఎర్ర చొక్కావాడే.”

బసవరాజు కూతురి వైపు చూశాడు. వద్దనబోయాడు. నోటిదాకా వచ్చిన ఆ మాటని మింగేశాడు.

అంతా రాసుకుని సంతకాలు పెట్టించుకున్నాక, సాయంత్రాలు ఒక కానిస్టేబుల్‌ని అటు తిప్పుతానన్నాడు ఇన్‌స్పెక్టరు. అంతకన్నా మాట ఇవ్వలేనన్నాడు. పోనీలెండి, ఉన్నమాట చెప్పాడు.

ఇంటికి రాగానే కమలాకుమారి పొయ్యి వెలిగించింది. ఎండవేళ బాదంపాల వాసన రావడం చూసి పక్కింటివాళ్ళు ఆశ్చర్యపోయారు. క్యాన్లతో పాటు శనగపిండి, అరటికాయలు కూడా సంచిలో సర్దింది.

“ఇవెందుకు?”

“వదిన చెయ్యి బాగయ్యేదాకా ఆ బండి నేను నడుపుతాను. చూస్తాను, ఎవడొచ్చి తంతాడో!”

సాయంకాలం దీపాలు పెట్టే వేళకి వైజాగ్ ఐస్‌క్రీమ్స్ తెరిచి ఉంది. ముందు అచ్చమ్మ బండి శుభ్రంగా తోమి నిలబెట్టి ఉంది. కమలాకుమారి కొంగు బిగించి బజ్జీలు వేస్తోంది. చాలా రోజులకి దుకాణానికి వచ్చిన జ్యోత్స్న లోపల స్టూలు మీద కూర్చుని ఉంది. ఠాణా సంగతి అప్పటికే రోడ్డంతా పాకిపోయింది. ఎవరూ దగ్గరికి రావడం లేదు. పక్కన పుస్తకాల దుకాణం శంకరరావు షట్టరు సగం దించి, కింద నుంచి తొంగి చూస్తున్నాడు.

ఒక మోటారుసైకిల్ నెమ్మదిగా వచ్చి ఎదురుగా ఆగింది. భయ్యా మనుషుల్లోనే ఒకడు. దిగలేదు. దుకాణం లోపలికి, గోడ వైపు చూశాడు. అక్కడ అప్పన్నస్వామి ఒక్కడే ఉన్నాడు. వాడి చూపు బసవరాజు మీదికి వచ్చింది. బసవరాజు గల్లాపెట్టె గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు జ్యోత్స్న లేచింది. లోపల పేర్చి ఉన్న కుర్చీల్లో ఒకటి బరబరా ఈడ్చుకుంటూ బయటికి తీసుకెళ్ళి, ఫుట్‌పాత్ మధ్యలో, ఆ మోటారుసైకిల్‌కి ఎదురుగా వేసింది. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

“నాన్నా! ఒక బాదంపాలు. డబ్బులివ్వను, ఇది మా నాన్న దుకాణం!”

రోడ్డు అవతలివాళ్ళకి కూడా వినబడింది ఆ మాట.

బసవరాజు గ్లాసు నింపాడు. బయటికి వచ్చాడు. కళ్ళు మసకబారి దారి కనబడటం లేదు, చేతిలో పాలు తొణికి వేళ్ళ మీదికి కారుతున్నాయి. కూతురికి గ్లాసిచ్చి, ఇంకో కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కనే కూర్చున్నాడు. మోటారుసైకిల్ వాడు కాసేపు చూసి, నేల మీద ఉమ్మేసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. రేపు మళ్ళీ రావచ్చు. అది అక్కడున్న అందరికీ తెలుసు.

గడగడమని చప్పుడైంది. శంకరరావు సగం దించిన షట్టరు పూర్తిగా పైకి ఎత్తేశాడు.

“బసవరాజుగారూ, నాకూ ఒక గ్లాసు పొయ్యండి!”

బసవరాజు లేవబోయి, లేవలేక, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు. జ్యోత్స్న తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

“ఆ ఏడుపేదో పాలు పోసి వచ్చాక ఏడవండి,” అంది బండి దగ్గర్నుంచి కమలాకుమారి, తన కళ్ళు పైటతో ఒత్తుకుంటూ. “బేగి లేవండి, బేరం నిలబడింది.”