పెట్టె మారిన హాజరు రిజిస్టరు

ఉదయం 10.10. గోదావరిఖనిలోని గని కార్మికుల గ్రంథాలయం. పన్నెండో పెట్టె ఖాళీగా ఉంది.

అందులో ఉండాల్సింది 2009 నాటి కాంట్రాక్టు కార్మికుల హాజరు రిజిస్టరు. మధ్యాహ్నం రెండింటికి దాన్ని పెద్దపల్లి కోర్టులో చూపించాలి. గని పైకప్పు కూలి చనిపోయిన జ్ఞానయ్య ఆ రోజు డ్యూటీలో లేడని, దొంగతనానికి దిగాడని కాంట్రాక్టరు వాదన.

జ్ఞానయ్య భార్య యేసమ్మ, రిజిస్టరును కోర్టుకు తీసుకెళ్లడానికి వచ్చిన ఎస్సై సంధ్యారాణి ఎదురుగా నిలబడింది.

"పదిహేనేండ్ల సంది తిరుగుతున్న మేడం. నా పెనిమిటిని దొంగన్నరు. ఇయ్యాల బుక్కే మాయం చేసిన్రు."

"మాయం కాలేదమ్మా," అన్నాడు లైబ్రేరియన్ జగదీశ్వర్. "పోయిన సోమవారం జాబితా మొత్తం కొత్త డిజిటల్ కోడ్‌లకు మార్చినం. అన్ని లైబ్రరీలకు ఒకటే పద్ధతి ఉండాలె గదా. గా మార్పుల ఒక లైను పోయింది. సాఫ్ట్‌వేర్ తప్పు."

జాబితా తయారుచేసిన లైబ్రరీ సహాయకురాలు ఫెబా ముఖం ఎర్రబడింది. అటకమీద మూలుగుతున్న ఆ రిజిస్టరు సంగతి లోకానికి తెలిసిందే ఆమె జాబితా వల్ల.

"సాఫ్ట్‌వేర్ ఏం తప్పు చెయ్యలే సార్. నేను రెండుసార్లు చూసిన."

"పాత కాగితాల జాబితా ఏది?" అడిగింది సంధ్యారాణి.

"చెదలు పట్టింది మేడం. పారేసిన," అన్నాడు జగదీశ్వర్.

"ఫెబా, మార్చకముందు మొత్తం ఎన్ని లైన్లు?"

"వెయ్యిన్ని మూడువందల ఆరు."

"ఇప్పుడు?"

ఫెబా స్క్రీన్ చూసింది. "గంతే ఉన్నయ్ మేడం."

"లైను పోతే లెక్క తగ్గాలి. తగ్గలేదు. అంటే పోలేదు, ఎవరో దాని పేరు మార్చారు. ఎవరు ఎప్పుడు దిద్దారో ఈ ఫైల్లో ఉంటుందా?"

"ఉంటది. అన్నీ సోమవారం 11.05కు మెషీన్ మార్చింది. ఒక్కటి మాత్రం గురువారం సాయంత్రం 5.42కు చేతితో దిద్దిన్రు." ఫెబా ఆ లైను మీద వేలు పెట్టింది. "కాసిపేట క్యాంటీన్ రిజిస్టరు, నలభై ఏడో పెట్టె అని మార్చిన్రు. లాగిన్... జగదీశ్వర్ సార్‌ది."

పెట్టె తెరిచారు. నల్ల అట్ట రిజిస్టరు.

మార్చి 9, పైకప్పు కూలిన రోజు, రెండో షిఫ్టు. జ్ఞానయ్య. గనిలోకి దిగిన టైం 2.05. పైకి ఎక్కిన టైం ఖాళీ. కింద హాజరు గుమాస్తా సంతకం: జగదీశ్వర్.

"అప్పుడు మీరే ఆ కాంట్రాక్టరు గుమాస్తా. ఆయన డ్యూటీలో లేడని సాక్ష్యం చెప్పిందీ మీరే," అంది సంధ్యారాణి. "చింపితే ఏడాది చివర పుస్తకాల లెక్క తనిఖీలో దొరికిపోతారు. అందుకే దాచారు."

"కాంట్రాక్టరు చెప్పుమన్నడు మేడం. భయపడ్డ."

"నువ్వు భయపడ్డవు," అంది యేసమ్మ. "నా పిల్లలు బడిల దొంగ కొడుకులనిపించుకున్నరు."

అతను చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల వంక చూడలేదు.

"దండాలొద్దు. జీపెక్కు. జడ్జి ముంగట నీ నోటితోనే నా పెనిమిటి పేరు చదువు."

సంధ్యారాణి టైం చూసింది. 11.25. యేసమ్మ అప్పటికే చేతిలోకి తీసుకున్న రిజిస్టరు కోసం చెయ్యి చాచింది. యేసమ్మ ఇవ్వలేదు. ఛాతీకి అదుముకుని వెళ్లి జీపు ముందు సీట్లో కూర్చుంది.

సంధ్యారాణి మళ్లీ అడగలేదు.