తాళంచెవి ఆపరేషన్

"...చెవి... కన్నం పెట్టి ఆపరేషన్ చేస్తారట" అన్న మాట పొద్దున్నే వంటింట్లోంచి వచ్చి పెద్దావిడ చెవిన పడింది. కోడలు ఫోన్లో ఎవరికో చెబుతోంది. పెద్దావిడకు వినికిడి సగమే. ఈ ఇంట్లో రిపేరుకొచ్చిన చెవులు తనవి కాక ఇంకెవరివి? పక్కింటి దర్జీ భార్యకు ఆ సంగతి గోడ మీంచే అందించేసి, ముందు గదిలోకి నడిచింది.

అక్కడ తాళాల మేస్త్రి అయిన కొడుకు కొత్త తాళంచెవికి ఆకురాయి పెడుతున్నాడు.

"ఏరా, నా చెవి సంగతి నా చెవిన వెయ్యరా?"

కొడుకు చెయ్యి ఆగింది. కోడలు పరుగున వచ్చింది.

"మీ చెవి కాదత్తయ్యా. తాళంచెవి పట్టేంత కన్నం పెట్టి చేస్తారట అన్నాను."

"తాళానికి ఆపరేషనేమిటే?"

ఇద్దరూ నేల చూశారు. పెద్దావిడ చెవి మందమే గానీ కన్ను కాదు.

"ఎవరికి?"

"నాకేనమ్మా" అన్నాడు కొడుకు. "అపెండిక్స్‌లో జిగురు చేరి బుడగలా ఉబ్బిందట. చాలా అరుదట. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు."

"కంగారంతా ఈయనదే" అంది కోడలు. "డాక్టరు తొందరపడమంటే ఈయన వాయిదా మీద వాయిదా."

"లోపల పగిలిందంటే జిగురు పొట్టంతా అంటుకుంటుందట. పగలగొట్టకుండా తీయడం ఎంత కష్టమో తాళాలు తీసే నాకు తెలుసు."

పెద్దావిడకు భయం కంటే ముందు ఆరా పుట్టింది. "అంత బుడగని ఇంత కన్నంలోంచి ఎలా లాగుతారు?"

"లోపలే సంచిలో వేసి, మూతి బిగించి, సంచితో సహా తీస్తారట" అంది కోడలు.

"తీయకపోతే?"

"ఎప్పుడో దానంతటదే పగలొచ్చు."

పెద్దావిడ కొడుకు పక్కన కూర్చుంది. "తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు నీ చేతిని నమ్మి తలుపు అప్పజెప్పి బయట నిలబడతారు కదరా. నువ్వూ ఒక్కసారి బయట నిలబడు."

అతను ఆకురాయి పక్కన పెట్టి, ఫోన్ ఇలా ఇమ్మన్నాడు.

ఆపరేషన్ అయింది. సంచి చెక్కుచెదరకుండా వచ్చింది. మర్నాడు వార్డులోకి వీధి వీధంతా వచ్చి పెద్దావిడను చుట్టుముట్టింది. "చెవి ఎలా ఉంది?" అని దర్జీ భార్య ఆమె చెవిలో అరిచింది.

"చెవి ఆపరేషన్ ఎవరికి?" అని డాక్టరు తెల్లబోయాడు. కొడుకు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు.

"నేనే చెబుతా" అంది పెద్దావిడ, అందరికీ వినబడేలా. "మా కోడలు తాళంచెవి అంది. తాళం వంటింట్లోనే ఉండిపోయి చెవొక్కటే నా దాకా వచ్చింది. చెవి నాది, పొట్ట వీడిది." కొడుకు తల నిమిరింది. "కన్నంతో పోయింది. కన్నతల్లికి కడుపుకోత తప్పింది."