సెల్లార్‌లో లావు తీగ

మూతపడిన ఆ రికార్డింగ్ స్టూడియో సెల్లార్ మెట్లు దిగొద్దని వీధిలో అందరూ చెప్పేవారు. చీకటి పడ్డాక కింద నుంచి దుమ్... దుమ్... అని వస్తుందట. చెవికి కాదు — అరికాళ్ళకి తెలుస్తుందట. ఏడాదిలో ముగ్గురు దిగారు. ముగ్గురూ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

నాలుగోవాడు మా బావ. ఆయన చెప్పిందే చెబుతున్నాను.

బావ ప్రెస్సులో పనిచేస్తాడు. పాత బేస్ గిటార్లంటే పిచ్చి. ఇంట్లో మూడున్నాయి, అక్క వాటిని సవతులంటుంది. ఆ సెల్లార్‌లో అరవై ఏళ్ల నాటిది ఒకటుందనీ, వాయించినాయన అక్కడే గుండె ఆగి పోయాడనీ, భార్య దాన్ని ఊరికే ఇచ్చేస్తానంటోందనీ విన్నాడు. ఇక ఆగుతాడా?

డ్యూటీ దిగి వెళ్ళేసరికి చీకటి పడింది. మోకాళ్ళ నొప్పులతో తను దిగలేనని, ఆవిడ పైనుంచే టార్చి ఇచ్చింది. ఇంకేదో చెప్పబోయి... ఊరుకుంది.

కింద చెమ్మ వాసన. కుర్చీకి ఆనించి ఉంది గిటారు. దాని తొలి రంగే — మళ్ళీ ఎవరూ వేయలేదు. వాయించే చెయ్యి ఆని ఆని, ఆ మేర రంగు అరిగి చెక్క తేలింది. బావ భయం మాటే మర్చిపోయాడు. కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అన్నిటికన్నా లావు తీగని మీటాడు.

చెక్క రొమ్ముకి ఆని వణికింది... ఆగింది.

ఊపిరి చప్పుడు మాత్రం ఆగలేదు. అది తనది కాదు.

తల తిప్పేలోగా — చల్లటి వేళ్ళు గిటారు అంచు పట్టుకున్నాయి. టార్చి దొర్లిపోయింది. ఆ వెలుతురులో గడ్డం, అట్టలు కట్టిన జుట్టు. ఆ మొహం వంగి... వంగి... దవడని చెక్కకి ఆనించి కళ్ళు మూసుకుంది.

బావ వెనక్కి జరగబోయాడు. వేలు తగిలి తీగ మళ్ళీ మోగింది. మూసిన ఆ కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

"మా అబ్బాయి," అని పైనుంచి ఆవిడ గొంతు గుసగుసగా వినిపించింది. "చెబితే ఎవరూ దిగరని... చెప్పలేదు బాబూ."

ముప్పై ఏళ్ల మనిషి. పుట్టుచెవుడు. తండ్రి వాయిస్తుంటే ఇలాగే దవడ ఆనించి వినేవాడట. తండ్రి పోయిన రోజు నుంచి, తల్లి పైనుంచి తాడుతో దించే అన్నం తింటూ, ఆ గది వదల్లేదు. రాత్రిళ్ళు తనే తీగ మీటుకునేవాడు. గిటారు పోతేనన్నా పైకొస్తాడని తల్లి ఆశ.

బావ లేచాడు. అతను అంచు వదల్లేదు. బావ లాక్కోలేదు. మెట్టుకోసారి మీటుతూ వెనక్కి వెనక్కి ఎక్కాడు. చెక్క మీద అరచెయ్యి తియ్యకుండా, ఒక్కో మెట్టూ... అతనూ ఎక్కాడు.

పైన బావ గిటారుని అతని చేతుల్లోనే వదిలేశాడు. అది తను తీసుకెళ్ళే వస్తువు కాదని అప్పటికే తెలిసిపోయింది.

తల్లి దీపం ఎత్తి చూసింది. మనిషి సగమయ్యాడు. ఆవిడ ఏడవలేదు.

"నీళ్ళు పెడతాను నాన్నా... స్నానం చేద్దువుగాని," అంది, వినపడని కొడుకుతో.