మీసాల చోట కాళ్లు

ఆదివారం మధ్యాహ్నం. ల్యాబ్‌లో నేనూ, ఈగలకి మేత వండే పిన్నీ తప్ప ఎవరూ లేరు. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే. పక్కగదిలో మొక్కజొన్న పిండి ఉడుకుతున్న తియ్యటి, పులిసిన వాసన. మా గదికి కిటికీలు లేవు. ఫ్యాన్ హోరు తప్ప చప్పుడు లేదు.

నా చదువంతా పండ్ల ఈగల మీద. ఏ భాగం ఎక్కడ మొలవాలో వాటి జన్యువులే చెబుతాయి. కాళ్లు రొమ్ముకే రావాలి. వీపు మీది గరుకు వెంట్రుకలు ఏ ఈగకైనా లెక్కగా అవే చోట్ల నిలవాలి. ఒక్క జన్యువు తప్పు చోట మేలుకుందంటే, తల మీద మీసాలుండాల్సిన చోట రెండు కాళ్లు మొలుస్తాయి. అలాంటి ఈగల సీసా ఒకటి వేరే ల్యాబ్ నుంచి తెప్పించుకున్నాం. ఆ కాళ్ల మీది వెంట్రుకలు లెక్కపెట్టి నెలాఖరుకి ఇవ్వకపోతే నా థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

గ్యాస్ వదిలి ముప్ఫై ఈగల్ని మత్తులో పడేశాను. తెల్ల పలక మీద కుంచెతో పేర్చి మైక్రోస్కోప్‌లో చూశాను.

తల మీది కాళ్లు మామూలుగా ఈగ మాట వినవు. ఊరికే వేలాడుతుంటాయి. ఇవి చాచి ఉన్నాయి. అన్నీ కుడివైపే.

పలక తిప్పాను. ఈగల ఒళ్లు కదల్లేదు. ఆ కాళ్లు మాత్రం మెల్లగా జరిగి... మళ్లీ కుడివైపే ఆగాయి. వాటి మీది వెంట్రుకలు ఒక్కోటీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

కుడివైపున వంటగది తలుపు.

"పిన్నీ... ఒకసారి ఇలా రావా?" గొంతు దానంతటదే తగ్గిపోయింది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనగ్గా ఎడమవైపుకి చేరింది. కాళ్లన్నీ ఆవిడతో పాటే తిరిగాయి.

"నిన్నే చూపిస్తున్నాయి, పిన్నీ."

"చూపించవూ మరి! రోజూ వండిపెట్టే మనిషిని. మా కోడలికన్నా నయమే."

"కాస్త అటు వెళ్లు."

వెళ్లింది. కాళ్లూ వెళ్లాయి.

"చాల్లేవే అమ్మాయ్, ఈ వయసులో నాతో దాగుడుమూతలా..." అని నవ్వుతూ వంగి తనే కన్ను పెట్టింది. నవ్వు ఆగిపోయింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"పారేసెయ్," అంది గుసగుసగా.

ముప్ఫైనీ ఆల్కహాల్‌లో ఒంపేశాను. ఆవిడ పొయ్యి ఆర్పి నాలుగున్నర బస్సుకి వెళ్లిపోయింది.

సోమవారం వంటగదిలోంచి వాసన రాలేదు.

పిన్ని బస్సులో కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. నిద్రపోతోందనుకుని చివరి స్టాప్ దాకా ఎవరూ లేపలేదట. ఏ జబ్బూ లేదని ఆవిడ కోడలు ఏడుస్తూనే ఉంది. నేను పిలవకపోయినా పోయేదా? ఆ మాట ఎవర్ని అడగను?

మంగళవారం సీసాలో కొత్త ఈగలు పుట్టాయి. మా గైడ్ మేడమ్ నా కుర్చీ వెనక నిలబడి, "లెక్క ఎంతవరకొచ్చిందమ్మా?" అంది. గదిలో పదకొండుమందిమి ఉన్నాం. మైక్రోస్కోప్‌లో చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. తలనొప్పని చెప్పి వరండాలోకి వచ్చాను. ఆ సీసా పంపిన ల్యాబ్‌కి ఫోన్ చేశాను.

చాలాసేపు మోగాక ఒకావిడ ఎత్తింది. సీసా మీది నంబరు చెప్పాను. అవతల తలుపు వేసిన చప్పుడు. తర్వాత గుసగుస...

"మీ దగ్గర ఎంతమంది పోయారు?"

"ఒకరు..." అన్నాను.

"ఇంకా ఒక్కరేనా?"