ఎర్రమోరీ దగ్గర ఎడమ కాలి బ్రేకు

బయ్యారం దాటాక రోడ్డు మలుపు తిరిగే చోట ఒక మోరీ ఉంది, చిన్న వంతెన. దాని కింద ఒర్రె, సన్నటి వాగు. ఇనుపరాయి నేల కాబట్టి వాన పడితే నీళ్ళు ఎర్రగా పారతాయి. అందుకే ఎర్రమోరీ అన్నారు. పగటిపూట అంతవరకే. చీకటి పడ్డాక మాత్రం ఆ పేరు ఎవరూ పైకి అనరు.

అక్కడికి రాగానే బండి బరువెక్కుతుందట. వెనుక సీటు మీద ఎవరో ఎక్కి కూర్చుంటారట. నడుము చుట్టూ చల్లటి చెయ్యి పడుతుందట. వెనక్కి తిరిగి చూశావా... ఇక అంతే.

ఎక్కేది అహల్యమ్మ. మొగుడి మోటరు సైకిలు వెనుక కూర్చుని పోతుంటే చీర కొంగు చైనులో చిక్కి, ఆ మోరీ దగ్గరే ప్రాణం పోయిన మనిషి. అప్పటినుంచి ఆ దారిలో తాగి పడ్డ ప్రతి మగవాడూ ఆమె వల్లనే పడ్డాడు. కల్లు దుకాణానికి రావలసిన చెడ్డపేరంతా ఆమె మోసింది. బతికుండగా ఆమెకు ఎవరు ఏమిచ్చారో తెలియదు గానీ, చచ్చాక ఊరి మగవాళ్ళందరూ తలా ఒక వెనుక సీటు ఇచ్చారు.

ఆ మోటరు సైకిలు ఇంకా ఉంది. ఇంగ్లండులో తయారైన పాత బి.ఎస్.ఎ. బండి. కొట్టంలో ఎరువుల సంచుల కింద, కోళ్ళు గుడ్లు పెట్టే చోట తుప్పు పట్టి పడుంది. తండ్రి పోయాక దాన్ని బయటికి లాగింది దీక్షిత, అహల్యమ్మ మనవరాలు.

మహబూబాబాద్‌లో ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి, అన్నం తిని, కొట్టంలో బల్బు వేసుకుని కూర్చునేది. ట్యాంకులో గులకరాళ్ళు పోసి, కిరోసిన్ పోసి, ఊపి ఊపి తుప్పు రాల్చింది. కార్బురేటరు విప్పి సన్నతీగతో రంధ్రాలు కడిగింది. కిక్కు కొట్టే ముందు హ్యాండిలు మీది చిన్న లివరు వెనక్కి తియ్యకపోతే ఆ బండి ఎగిరి తంతుంది. పిక్క మీద రెండుసార్లు తన్నించుకుని అది నేర్చుకుంది. తర్వాత తన ఇష్టం వచ్చినట్టు మార్చుకుంది కూడా. బరువైన వెనుక మడ్‌గార్డు కోయించింది. వెనుక సీటు పీకేసి, స్ప్రింగుల మీద ఊగే ఒంటి సీటు బిగించింది. పెడళ్ళకు కొత్తగా నల్లరంగు వేసింది.

"వెనుక సీటు తీసినవేందే?" అన్నాడు ప్రతాప్, ఆమె తండ్రి తమ్ముడు.

"దెయ్యం వస్తే నిలబడి రానీ, చిన్నాయినా."

"నవ్వులాటనా? ఆడపిల్ల చేతులకు గ్రీజేంది? గోరింటాకు పెట్టుకోరాదు?"

"గోరింటాకు వారానికి పోతది. గిది సబ్బు పెట్టినా పోదు."

ప్రతాప్ నవ్వలేదు. తల్లి అహల్యమ్మ పోయేనాటికి అతను ఉయ్యాలలో ఉన్నాడు. ఆ బండిని చూస్తేనే అతనికి పడదు. హైదరాబాద్ నుంచి పాత బండ్ల బేరగాడిని పిలిపించాడు. మర్నాడు పొద్దున్నే వస్తాడు, తీసుకుపోతాడు.

"గా బండి మన ఇంటి ఆడోళ్ళకు అచ్చిరాలె."

"నేను ఎర్రమోరీ దాటి పోయి వస్త. చీకటి పడ్డంక. వస్తే బండి నాకిడుస్తవా?"

పిల్ల భయపడుతుందనుకున్నాడు. "దాటి, అవతలి మైలురాయి కాడ ఫోటో దిగి పంపు. నీదే."

ఒక్కటే చిక్కు. ఆ కాలపు ఇంగ్లీషు బండికి గేరు కుడి కాలి కింద, బ్రేకు ఎడమ కాలి కింద. మనం నడిపే బండ్లకు పూర్తిగా ఎదురు. అలవాటైన కాళ్ళను తిప్పుకోవడానికి దీక్షిత వాకిట్లో గుండ్రంగా తిరుగుతూ పైకే అనుకునేది. "ఎడమ ఆపాలె... కుడి గేరు... ఎడమ ఆపాలె..."

వారమంతా ముసురు. ఆ సాయంత్రం తెరిపిచ్చింది. దీపాలు పెట్టిన కాసేపటికి బయలుదేరింది.

ఊరు దాటేవరకూ బండి బాగానే పాడింది. దాని లైటుకు ఇంజనే ఆధారం. వేగం పెంచితే వెలుగుతుంది, తగ్గిస్తే కుంగుతుంది. మలుపు దగ్గర పడుతుందని యాక్సిలరేటరు తగ్గించింది. వెలుగు పసుపై, ఎర్రబడి... ముందు చక్రం వరకూ కుదించుకుపోయింది.

అప్పుడు బండి బరువెక్కింది.

బ్రేకు డ్రమ్ము పట్టేసి ఉంటుంది, అనుకుంది. తానే కాస్త బిగించింది కదా.

వెనుక నుంచి సన్నగా... గల్లు.

పనిముట్ల డబ్బా. నట్టు వదులైంది.

మళ్ళీ... గల్లు. గల్లు.

నడుము మీద చల్లగా ఏదో తగిలింది. తడి గాలి, తడి గాలే... అనుకుంటుండగానే మెడ వెనుక వెంట్రుకలు లేచాయి. వెనుక సీటు లేదు. కూర్చోవడానికి చోటే లేదు. తానే పీకింది, తన చేతులతో...

అయినా తిరిగి చూసింది.

వెనుక ఏమీ లేదు. చీకటి.

ముందుకు తిరిగేసరికి రోడ్డు లేదు.

పొద్దు గూకాక వరదకు మోరీ కొట్టుకుపోయింది. చీకటి పడ్డాక అటు ఎవరూ రారు కాబట్టి, పోయిందని చెప్పేవారూ లేరు. లైటు వెలుతురు నేల మీద కాక, కింద ఎర్రగా సుడి తిరుగుతున్న నీళ్ళ మీద పడింది.

చేతి బ్రేకు పట్టింది. అది కీచుమంది తప్ప పట్టలేదు. కుడి కాలితో బలమంతా పెట్టి తొక్కింది.

కుడి కాలితో!

గేరు పడింది. బండి ఆగడానికి బదులు పై గేరులోకి మెత్తగా జారి ముందుకు పోయింది. ఎడమ కాలు ఎప్పుడో పెడలు వదిలేసి, పక్కకు చాచుకుని, బురదను దున్నుతోంది. దాన్ని మళ్ళీ పైకి తెచ్చే వ్యవధి లేదు. "అమ్మా..."

వెనుక చక్రం బిగుసుకుంది.

బండి అడ్డంగా తిరిగి, ఊగి, ఇంజను ఆగి నిలిచింది. ముందు చక్రం కింద మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది. ఆమె ఎడమ కాలు ఇంకా నేల మీదే ఉంది. షూ బురదలో ఎక్కడో ఊడిపోయింది.

 చుట్టూ కప్పల అరుపు తప్ప ఏమీ లేదు. తర్వాత బండిని తోసుకుంటూ ఇంటికొచ్చింది.

తెల్లవారింది. కొట్టంలో దీక్షిత బురద కడుగుతుంటే ప్రతాప్ వచ్చాడు. మోరీ సంగతి అప్పటికే ఊరంతా తెలిసింది. అతని ముఖం పాలిపోయి ఉంది. అయినా పంతం పంతమే.

"దాటలె గద? బేరగాడు బయలెల్లిండు."

దీక్షిత ఎడమ బ్రేకు పెడలు వంక చూస్తోంది. కొత్త నల్లరంగు చీరుకుపోయి లోపలి లోహం మెరుస్తోంది. సన్నగా, పక్కపక్కనే గీతలు. షూ రబ్బరు అట్లా గీయదు.

బుచ్చవ్వ గోడ పట్టుకుంటూ వచ్చింది. తాతకు చెల్లెలు ఆమె. వంగి, గీతల మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"గివి మట్టెల గీతలు."

"నాకు మట్టెలెక్కడివి అవ్వా?"

ముసలామె ప్రతాప్ వైపు తిరిగింది. "ఎవల బండి అమ్ముతున్నవురా?"

"మా నాయినది."

"మీ నాయినకు దాని ఎనుక సీటొక్కటే ఎరుక. తోలుడు ఏనాడు రాకపాయె. మా వదిననే తోలుతుండె. చెప్పులు ఇడిచి, ఉత్త కాళ్ళతోని."

బుచ్చవ్వ వేలు ఆ గీతల వెంట మెల్లగా జరిగింది.

"గా దినం గూడ ఆమెనే తోలింది. మోరీ కాడ గొడ్డు అడ్డమొచ్చింది. కింద పడి ప్రాణం పోయేదాక బ్రేకు మీదికెల్లి కాలు తియ్యలె. ఎనుక కూసున్నోడు బతికిండు."

ప్రతాప్ చేతిలో ఫోను మోగింది. బేరగాడు. అతను తియ్యలేదు. అది మోగీ మోగీ ఆగిపోయింది.

"మరి అందరు..." దీక్షిత గొంతు గుసగుసలా వచ్చింది. "నాయనమ్మ ఎనుక కూసున్నదని..."

"ఆడది తోలంగ మొగడు ఎనుక కూసున్నడని ఊరికెట్ల చెప్తరు బిడ్డా?" బుచ్చవ్వ వేలు ఇంకా పెడలు మీదే ఉంది. "సచ్చినంక ఎనక్కి జరిపిన్రు."